గీసిన కనుబొమ్మలు

గేటు దగ్గర నిలబడ్డ ఆమెను స్వర్ణలత చూడగానే గుర్తుపట్టింది.

చేతిలోని చాట కింద పెట్టేసింది.

క్యాన్సర్ దవాఖానలో పక్క కుర్చీ ఆమెది. నరం దొరకక నర్సు మళ్లీ మళ్లీ సూది గుచ్చుతుంటే, స్వర్ణలత రెండో చేతిని పట్టుకుని కూర్చున్నామె. ఏ ఊరని అడిగితే స్వర్ణలత అత్తాపూర్ అని చెప్పింది. పేరు కూడా నిజం చెప్పలేదు.

అయినా ఆమె వచ్చింది. శంషాబాద్‌కు, ఈ వీధికి, ఈ గేటుకు.

స్వర్ణలత జబ్బు సంగతి భర్త గోవర్ధన్‌కు, కూతురు అనుపమకు తప్ప ఎవరికీ తెలియదు. జుట్టు తిరుపతిలో మొక్కు చెల్లించానని వీధికంతా చెప్పింది. అనుమానం రాకుండా గోవర్ధన్ కూడా గుండు చేయించుకున్నాడు. కనుబొమ్మలు కూడా రాలిపోయాక, పొద్దున్నే అందరికంటే ముందు లేచి పెన్సిల్‌తో గీసుకుంటోంది.

గొంతు క్యాన్సర్‌తో గోపయ్య పోయాక ఆ ఇంటి పిల్లను పెళ్లికి చూడడానికి ఎవరూ రాలేదు. అది ఈ వీధిలోనే జరిగింది.

రేపు అనుపమను చూసుకోవడానికి రావిర్యాల నుంచి వస్తున్నారు. పిల్లవాడు శ్రీకాంత్. ఫోన్‌లో మాట్లాడుకున్నారు కూడా. మాట్లాడాక అనుపమ నవ్విన నవ్వు, ఇంట్లోకి జబ్బు వచ్చినప్పటి నుంచి స్వర్ణలత చూడని నవ్వు.

“గోవర్ధన్ వాళ్లిల్లు గిదేనా?” గేటు దగ్గరి ఆమె అడిగింది.

అడిగి, స్వర్ణలతను చూసింది. ముఖం విప్పారింది. ఏదో అనబోయింది.

“ఎవరమ్మా నువ్వు?” స్వర్ణలత గొంతు పెద్దగా వచ్చింది.

అరుగు మీద బియ్యం ఏరుతున్న ఎదురింటి లచ్చమ్మ తలెత్తింది. రేపటి పనికి సాయం వచ్చిన ముసలామె. ఆమె చూసింది సాయంత్రానికి వీధంతా చూసినట్టే.

వచ్చినామె తలకు గట్టిగా చుట్టుకున్న రుమాలును, దాని కింద కనుబొమ్మల్లేని నున్నటి నుదుటిని లచ్చమ్మ తీరిగ్గా పరికించింది.

“మొక్కుకుంటే జుట్టు పోతది గని, కనుబొమ్మలెట్ల పోతయి? గీమెకు గా రోగమే ఉన్నది. నీకు ఎరికేనా బిడ్డా?”

స్వర్ణలత చెయ్యి తన నుదుటి వైపు లేచి, మధ్యలోనే ఆగిపోయింది. చెమట పడుతోంది. గీత కరుగుతోందేమో. చూసుకోవడానికి లేదు, తుడుచుకోవడానికీ లేదు.

గేటు దగ్గరి ఆమె చూపు సరిగ్గా అక్కడే నిలిచింది.

ఒక్క మాట చాలు ఆమెకు.

నెత్తి మీదుగా విమానం దిగుతోంది. ఆ మోత పోయేదాకా ముగ్గురూ కదలలేదు.

“ఎరిక లేదు,” అంది స్వర్ణలత.

వచ్చినామె ముఖంలో వెలుగు ఆరిపోయింది. కోపం కాదు. కోపమైతే స్వర్ణలతకు తేలికగా ఉండేది.

“ఎండకు వచ్చిన. జర మంచినీళ్లు ఇయ్యి అక్కా.”

స్వర్ణలత గ్లాసు తెచ్చింది. లచ్చమ్మ వద్దంది. రేపు చుట్టాలు తాగే గ్లాసులని, చెంబుతో పైనుంచి పొయ్యమని నెమ్మదిగానే చెప్పింది. ఆ గొంతులో కక్ష లేదు. వంటింటి జాగ్రత్త మాత్రమే ఉంది.

ఆమె గేటు అవతలే వంగి దోసిలి పట్టింది. స్వర్ణలత పోసింది. నీళ్లు తగలగానే ఆమె పెదవులు ముడుచుకున్నాయి. నోరంతా పుండ్లు. చల్లటి నీళ్లు ఎక్కడ ఎలా మండుతాయో స్వర్ణలత నాలుకకు తెలుసు.

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. స్వర్ణలతను ఇంకోసారి చూసింది.

“రేపు మంచిగ జరగాలె,” అని వెళ్లిపోయింది.

లచ్చమ్మ చెప్పినట్టే స్వర్ణలత గేటు మీద పసుపునీళ్లు చల్లింది. గండం తప్పిందనుకుంది. ఆమె ఎందుకొచ్చిందో, గోవర్ధన్ పేరు ఎలా తెలుసో ఆలోచించడానికి మనసును పోనివ్వలేదు.

మర్నాడు అనుపమ చీర కట్టుకుని కూర్చుంది. వంటలు చల్లారాయి. చివరికి మధ్యవర్తి రవీందర్ ఒక్కడే వచ్చాడు.

“వాళ్లు వస్తలేరన్నా.”

స్వర్ణలతకు నిన్నటామె గుర్తొచ్చింది. చెప్పేసింది. ఆ నీళ్లు తాగినామె పోయి చెప్పేసింది.

“వాళ్లకు ఎవరేం చెప్పిన్రు?” గోవర్ధన్ అడిగాడు.

రవీందర్ ఇబ్బందిగా చూశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదన్నాడు. క్యాన్సర్ ఉన్నది వాళ్లింట్లోనేనని, అది దాచిపెట్టి పిల్లను చేసుకోవడం వాళ్లకు ఇష్టం లేదని చెప్పాడు.

“మంచిగైంది. బతికిపోయిన్రు,” అంది లచ్చమ్మ.

అనుపమ తల్లి వైపు చూసింది. తల్లి చూడలేదు.

“వచ్చి చెప్తే మేం కాదంటుంటిమా?” అంది స్వర్ణలత. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నిజంగానే నమ్మింది.

రవీందర్ తల వంచుకున్నాడు.

“చెప్పనీకే నిన్న మీ ఇంటిదాకా వచ్చింది గద వదినా, తిరిగొచ్చి ‘గా ఇంట్ల గీ జబ్బు ఎవ్వరికీ లేదు, పాపం భయపడుతున్నరు, ఇగ మనమే వద్దందాం’ అన్నది పిలగాని తల్లి.”