మిణుగురు ముఖం

"చంపాలంటే చంపండయ్యా, ముఖం మాత్రం మార్చకండి," అంది పుస్తకాల కంపెనీ కౌంటర్ ముందు నిలబడ్డ ఆవిడ.

కౌంటర్ దగ్గర నవ్వు ఆపుకోవడం ఎవరి వల్లా కాలేదు.

కొత్త ఎడిటర్ అప్పుడే కాఫీ కప్పుతో మెట్లు దిగింది. "ఎవర్నండీ చంపేది?" అంది కంగారుగా.

"మిణుగుర్ని, మేడమ్," అన్నాడు కౌంటర్ గుమస్తా. "మన పిడుగుల దళంలో చిన్నపిల్ల లేదూ, అదే."

పిడుగుల దళం ఆ కంపెనీకి ఇన్నేళ్ళూ అన్నం పెట్టిన బొమ్మల పుస్తకం. మొదట్లో రెండే రంగుల్లో, ముట్టుకుంటే చిరిగే కాగితం మీద వచ్చేది. మూతపడింది, లేచింది, మళ్ళీ మూతపడింది. లేచినప్పుడల్లా ఒకటో నంబరు నుంచి మొదలు. అందులో వీరులు చచ్చారు, బతికారు, శత్రువులతో చేతులు కలిపి సిగ్గు లేకుండా తిరిగొచ్చారు. నాయకుడికి మీసం వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. మారనిదల్లా మిణుగురు ముఖమే. చీకట్లో అరచేతుల్లోంచి వెలుగు పుట్టించే ఆ పిల్ల పదేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

ఆ ముఖానికి ఆఫీసులో ఒక ఆచారం ఉంది. కొత్తగా చేరిన ఆర్టిస్టు ఎంత మొనగాడైనా సరే, మొదటి వారమంతా మిణుగురు ముఖమే గీయాలి. గోడకి అంటించిన పాత బొమ్మతో కళ్ళూ, ముక్కూ, గడ్డం మీద సొట్టా అచ్చంగా కలిశాకే వేరే పని. దళాన్ని మొదలుపెట్టిన పెద్దాయన పెట్టిన నియమం అది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

కొత్త ఎడిటర్‌కి ఇదంతా చాదస్తంగా తోచింది. దళం మళ్ళీ ఒకటో నంబరుతో మొదలవబోతోంది. ఈసారి అందరికీ కొత్త ముఖాలని ప్రకటన కూడా ఇచ్చేసింది.

"ఇప్పటి పిల్లలకి పాతవి నచ్చవండీ," అంది ఆవిడతో.

ఆవిడ ముఖం ఒక పక్కంతా కాలిన మచ్చ. కనుబొమ లేదు, పెదవి పక్కకి లాక్కుపోయింది. ఆవిడతో మాట్లాడేవాళ్ళు చెప్పుల వైపో, సంచీ వైపో చూస్తూ మాట్లాడతారు. ఎడిటర్ తన కాఫీ కప్పు వైపు చూసింది.

"బట్టలు మార్చుకోండి. పేరు మార్చుకోండి. నా మాట వినండమ్మా, ముఖం వద్దు."

"ఎందుకండీ అంత పట్టుదల?"

ఆవిడ ఏదో చెప్పబోయింది. గుమస్తా ముసిముసి నవ్వు కంటబడింది. "ఊరికే... అలవాటైపోయింది," అని వెళ్ళిపోయింది.

"తిక్క మేళం, మేడమ్!" అన్నాడు గుమస్తా. "ప్రెస్సు నుంచి కట్టలు దిగీ దిగకముందే ఊడిపడుతుంది. మొదటి కాపీ తనకే కావాలి. కథ చదవదు. మిణుగురున్న పేజీ వెతుక్కుని, అక్కడే నిలబడి చూసుకుని పోతుంది."

"కూతురు గుర్తొస్తుందేమో, పాపం," అంది ఎడిటర్.

పాపమని అంది గానీ, పని ఆపలేదు.

కొత్త దళం వచ్చింది. కట్ట విప్పేసరికి ఆవిడ కౌంటర్ ముందు ఉండనే ఉంది. పేజీలన్నీ తిప్పింది. మళ్ళీ మొదటి నుంచి తిప్పింది.

"మిణుగురు ఏదయ్యా?"

"ఇదేగా!" గుమస్తా వేలు పెట్టి చూపించాడు. కోల ముఖం, ఎర్ర జుట్టు.

ఆవిడ చాలాసేపు చూసింది. పుస్తకం మెల్లగా మూసి, కౌంటర్ మీదే వదిలేసి వెళ్ళింది. ఆ తర్వాత రాలేదు.

పుస్తకం మాత్రం బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఎడిటర్‌కే మనశ్శాంతి పోయింది. ఆర్టిస్టులు కొత్త ముఖం మొదలుపెడితే పాత సొట్ట వచ్చి కూర్చునేది. "చెయ్యి నా మాట వినట్లేదు మేడమ్," అని చెరిపేవాళ్ళు. చెరిపినా ఆ పిల్ల కాగితంలోంచి లీలగా చూస్తూనే ఉండేది. పాత బొమ్మ పీకేసిన గోడ పక్కనుంచి వెళ్ళాలంటే ఎడిటర్‌కి భయం పట్టుకుంది. ఎవరితో అంటే ఏమనుకుంటారోనని నోరు నొక్కుకుంది.

చివరికి ఉండబట్టలేక పాత ముఖమే మళ్ళీ పెట్టించింది. మొదటి కాపీ ఆవిడ కోసం తీసి పక్కన పెట్టింది. దాని మీద దుమ్ము పడుతోంది తప్ప ఆవిడ జాడ లేదు. పేరేంటో, ఇల్లెక్కడో ఆఫీసులో ఒక్కళ్ళకీ తెలీదు.

దళాన్ని మొదలుపెట్టిన పెద్దాయనకైనా తెలుస్తుందేమోనని, ఎడిటర్ ఆ కాపీ పట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళింది.

"నువ్వు ముఖం మార్చిన వారమే నా దగ్గరికి వచ్చిందమ్మా," అన్నాడాయన. "ఒక్కసారి గీసిపెట్టమంది. ఈ వణికే చేతులతో ఏం గీస్తాను? ఒక్క గీత తిన్నగా పడలేదు. 'పోనీలే' అని నవ్వింది."

"ఇప్పుడెక్కడున్నారండీ?"

"పోయింది. జ్వరమన్నారు. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది."

"నాకు చెబితే ఆపేదాన్నిగా!"

"ఎవరికి చెబుతుంది? ముఖంలోకి చూసేవాళ్ళుంటేగా!"

ఎడిటర్ తల దించుకుంది. "మిణుగురు... ఆవిడ కూతురా?"

"కూతురెక్కడిది? పెళ్ళే కాలేదు. వాళ్ళది మా పక్కిల్లు. మంటల్లో ఇంటిల్లిపాదీ పోయారు, ఫొటోలతో సహా అన్నీ బూడిదయ్యాయి. ఆవిడొక్కతే బతికింది. ఆ ముఖం గుర్తున్నది నాకే. నా తర్వాత కూడా ఎవరో ఒకరు గీస్తుండాలనే ఈ దళం మొదలెట్టాను."

"అయితే చెల్లెలా?"

పెద్దాయన కాపీ అందుకుని, మిణుగురు పేజీ తీసి, ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చెల్లెలూ కాదమ్మా... ఆస్పత్రిలో కట్లు విప్పాక అద్దం పక్కన పెట్టేసి, 'నేనెలా ఉండేదాన్ని బాబాయ్?' అని నన్నడిగింది ఆవిడే."