మియానీ

"పక్కల్లో కత్తిరించిన గుడ్డ యాడబ్బా?" అన్నాడు నిసార్ అహ్మద్, కుట్టుమిషను కింద వెతుకుతూ.

"మంచి గుడ్డ భాయ్, పారేస్తనా? మధ్యల మియానీ ఏసిన," అన్నాడు లింబాద్రి.

నిసార్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పైజామాలో కాళ్ల మధ్య కుట్టు పిగలకుండా వేసే చదరపు ముక్క మియానీ. కానీ ఇప్పుడు షాపులోంచి వెళ్లింది పైజామా కాదు. స్కీ జంప్ సూటు.

దాన్ని తీసుకుని ఫహద్ అప్పుడే కారెక్కి వెళ్లిపోయాడు. రూవిలోని షాపు నుంచి నేరుగా మస్కట్ ఎయిర్‌పోర్టుకి. మంచు కొండ మీద కట్టిన పెద్ద జారుడుబల్ల మీంచి దూసుకొచ్చి, గాల్లోకి లేచి, ఎంత దూరంలో దిగితే అంత గొప్ప అతని ఆటలో. మస్కట్‌లో మంచు అంటే ఫ్రిజ్‌లో చూడాల్సిందే. ఫహద్ యూరప్‌లో చదువుకుంటూ నేర్చుకున్నాడు. "నేను దూకే రోజు మా అమ్మ భయంతో టీవీ వైరు పీకేస్తుంది," అని పొద్దున సూటు తొడుక్కుని చూసుకుంటూ నవ్వాడు కూడా.

"బిగించమని కదా ఇచ్చినాడు. మియానీ యెందుకేసినావు?"

"బిగించిన భాయ్. తొడిగి చూసి మంచిగున్నదన్నడు. ఆయన చాయ్ తాగనీకి పోయినంక ఏసిన. ఆ పిలగాడు పైకెంచి జారుతప్పుడు గొంతుక్కూసుంటడు, వీడియోల జూసిన. గందరి ముంగట మధ్యల పిగిలితే ఇజ్జత్ ఏంగాను?"

"ఇజ్జతా? ఒంటి మీద రెండు వేళ్ల వదులుంటే ఆట నుంచి తీసేస్తారని వాడు మొత్తుకోలేదా? వదులు గుడ్డలో గాలి చేరితే మనిషి పడవ తెరచాప మాదిరి తేలిపోతాడంట. అది దొంగాట కింద లెక్కంట. వాళ్లు ముందు కొలిచేదే కాళ్ల మధ్య."

"ఆడ ఎవలు జూస్తరు భాయ్?"

"చూసేదానికే ఒక మనిషిని పెట్టుకున్నారబ్బా, జీతమిచ్చి."

లింబాద్రి చేతిలోని టేపు మెడలో వేసుకున్నాడు. మళ్లీ తీశాడు.

"మియానీ లేకుండ పైజామా కుడితే దాన్ని నా మొఖాన కొట్టింది మీరే గద," అన్నాడు మెల్లగా.

నిసార్ ఫోను తీశాడు. ఫహద్ మామూలు గిరాకీ అయితే సూటు ఖరీదు కట్టి చేతులు దులుపుకునేవాడు. ఫహద్ అర్బాబ్ కొడుకు. షాపు లైసెన్సు, ఇద్దరి వీసాలు అర్బాబ్ పేరు మీదే ఉన్నాయి. ఆయన సంతకం పెట్టనంటే కడపకొకటి, నిజామాబాదుకొకటి టికెట్లు చూసుకోవడమే.

ఫహద్‌కు ఫోన్ చేశాడు. కలవలేదు. జరిగిందంతా మెసేజీ రాశాడు. ఒకసారి చదువుకున్నాడు. పంపకుండా చెరిపేశాడు.

"కొలిచేవాడు ఆ రోజు లీవు పెట్టొచ్చు గదా," అన్నాడు.

పోటీ రోజు మధ్యాహ్నం షటరు సగం దించి ఇద్దరూ ఫోను ముందు కూర్చున్నారు. తెర మీద తెల్లటి కొండ. ఒక్కొక్కరే పక్షుల్లా లేచి కింద వాలుతున్నారు.

ఫహద్ వంతు వచ్చింది. హెల్మెట్ పెట్టుకుని, స్కీలు పట్టుకుని, పైన తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎర్ర జాకెట్ మనిషి ఒకడు వచ్చి, చేతులు చాపమని సైగ చేసి, నడుము కొలిచాడు. తల ఊపాడు.

"పాసయిండు భాయ్."

"ఆగబ్బా."

ఎర్ర జాకెట్ మనిషి వంగాడు. కాళ్ల మధ్య గుడ్డ పట్టి లాగాడు. అది వచ్చింది. ఇంకొంచెం లాగాడు. ఇంకొంచెం వచ్చింది. ఇంకో మనిషిని పిలిచాడు. ఇద్దరూ కలిసి లాగారు.

"కుట్టు మాత్రం పిగుల్త లేదు సూడు," అన్నాడు లింబాద్రి.

నిసార్ అతని వంక గుర్రుగా చూశాడు.

ఫహద్ పేరు పక్కన ఎర్రటి అక్షరాలు పడ్డాయి. అతను స్కీలు భుజాన వేసుకుని, తల వంచుకుని, ఒక్కొక్క మెట్టే దిగుతూ తెరలోంచి వెళ్లిపోయాడు.

అర్బాబ్ వారం తిరక్కుండానే షాపుకొచ్చాడు. ఏడాదికోసారి సంతకానికి తప్ప ఎప్పుడూ రాని మనిషి. కాళ్ల దాకా వేలాడే తెల్లటి దిష్‌దాషా, చేతిలో కర్ర, చంకలో ఒక సంచి. నిసార్ కుర్చీ తుడిచి వేస్తే కూర్చోలేదు.

"ఫహద్ సూటులో కాళ్ల మధ్య ముక్క వేసింది ఎవరు?" అన్నాడు తనకొచ్చిన హిందీలో.

"నేనే, అర్బాబ్," అన్నాడు నిసార్.

"లేదు అర్బాబ్. నేను," అన్నాడు లింబాద్రి, మిషను వెనక నుంచి లేచి.

అర్బాబ్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"అంత ఎత్తు కొండ ఎక్కినవాణ్ణి మెట్ల మీంచి దింపించారు. ప్రపంచమంతా చూసింది. వాళ్లమ్మ కూడా చూసింది."

"తప్పయింది అర్బాబ్," అన్నాడు నిసార్. "షాపు మాత్రం..."

అర్బాబ్ చెయ్యెత్తి ఆపాడు. వెనక్కి తిరిగి రోడ్డు వంక చూశాడు. తెలిసినవాళ్లెవరూ లేరని తేల్చుకున్నాక సంచిలోంచి కొత్త సూటు తీసి బల్ల మీద పెట్టాడు.

"వాడు ఇంకోటి కొన్నాడు. వచ్చే నెల మళ్లీ దూకుతాడట. బిగించుకు రమ్మని ఇచ్చాడు. ఈ షాపు తప్ప ఎక్కడైనా ఇమ్మన్నాడు."

లింబాద్రి సూటును రెండు చేతులా అందుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఈసారి తప్పు కానియ్యను అర్బాబ్. ఎంత బిగించాల్నో చెప్పుండ్రి."

అర్బాబ్ గొంతు తగ్గించాడు.

"బిగించొద్దు. మధ్యలో ఆ ముక్కే, ఇంకాస్త పెద్దది వెయ్యమని వాళ్లమ్మ చెప్పి పంపింది."