పదకొండు మంది ఎక్కిన బల్ల

రండి రండి, దగ్గరగా జరగండి. ఆ మూలన గుసగుసలు కట్టిపెట్టండి. తుమ్ము వచ్చేవాళ్ళు ఇప్పుడే తుమ్మేయండి. ఇది బల్లల కథ, మధ్యలో తుమ్మితే విరుగుతాయి.

"ఇదీ ఊగుతోంది," అంది బొమ్మలావిడ.

ఆ వడ్రంగి కొట్టులో ఆవిడ చూసినవాటిల్లో అది ఏడో బల్ల. ఆవిడ ఎడమ మోచెయ్యి ఆనించి ఒంటి బరువంతా మోపగానే కిర్రుమంది. పక్కన నిలబడ్డ ఆవిడ మొగుడు దర్జీ గుండె కూడా కిర్రుమంది. ఎందుకనదు మరి? ఆవిడ గీసేవి చాపంతేసి బొమ్మలు. కూర్చుంటే కుదరవు, నిలబడి భుజం దగ్గర్నుంచి చెయ్యి తిప్పాలి. మెట్ల మీంచి పడి విరిగిన కాలు అతుక్కుని నెల దాటింది. చక్కగా నడవొచ్చన్నాడు డాక్టరు. కాలైతే అతికింది గాని ధైర్యం అతకలేదు. చంకకర్రో, గుమ్మమో, మొగుడి భుజమో పట్టుకోకుండా ఆవిడ క్షణం నిలబడదు.

"నా బరువు కాసే బల్ల దొరికితే గీస్తా. దొరక్కపోతే కుంచెలన్నీ బడిపిల్లలకి పంచేస్తా," అని పొద్దున్నే తేల్చేసింది. ఆవిడ మాటంటే రాతి మీద గీత.

"మీరు కుర్చీలో కూచోండమ్మా," అన్నాడు వడ్రంగి మేస్త్రి. "అసలు సరుకు లోపలుంది."

నలుగురు పట్టి ఈడ్చుకొచ్చారు ఎనిమిదో బల్లని. ఒక్కో కాలూ తాడిమొద్దంత ఉంది.

"దీని మీద ఏనుగు పడుకుని దొర్లినా కిక్కురుమనదు."

"ఏనుగులు నీ దగ్గర బల్లలు కొంటాయా ఏంటి?" అంది వాళ్ళ వెంట వచ్చిన దర్జీ అక్క. ఆవిడ నోరు కత్తెర. తమ్ముడి కత్తెర కన్నా పదును.

"ఇంకా రాలేదమ్మా. వస్తే ఇదే ఇస్తాను."

"నీ మాటలు తర్వాత. జరుగు." ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి బల్లెక్కేసింది. రెండు గెంతులు గెంతింది. బల్ల కదల్లేదు. "ఒరేయ్ తమ్ముడూ, నువ్వూ ఎక్కు. ఒక్కదాని బరువుతో ఏం తెలుస్తుంది?"

దర్జీ ఎక్కాడు. మేస్త్రి ఎక్కాడు, వెనకే పనివాళ్ళు నలుగురూ ఎక్కారు. టీ తెచ్చినవాడు కెటిల్‌తో సహా ఎక్కాడు. మంచం బేరం చేస్తున్న మొగుడూ పెళ్ళాలు, బేరం ఆపి మరీ ఎక్కారు. చివరికి స్టూలు కొందామని వచ్చిన బట్టతలాయన, "నేనూ ఎక్కాలా?" అని ఎవరూ జవాబు చెప్పకముందే ఎక్కేశాడు. మొత్తం పదకొండు మంది. పన్నెండని చెప్పేవాళ్ళుంటారు, నమ్మకండి. బల్ల మాత్రం ఊగలేదు. కింద నేలే జానెడు దిగిందంటారు.

"ఊగింది," అన్నాడు దర్జీ.

"ఊగింది నీ మోకాళ్ళురా," అంది అక్క.

"ఇటు కొంచెం ఒరిగినట్టుందండీ," అన్నాడు టీ అబ్బి.

"నీ కెటిల్ దించు, అదే లేస్తుంది," అన్నాడు మేస్త్రి.

"ఏమండీ, నా కాలు తొక్కుతున్నారు," అంది మంచం బేరమావిడ.

"నేను కాదు, మీ ఆయన," అన్నాడు బట్టతలాయన.

"ఇంతమందిని మోసే బల్లని మా ఇంటికి ఎవరు మోస్తారయ్యా?" అంది అక్క. "మా గుమ్మంలోంచి దూరుతుందా అసలు?"

"గుమ్మం కొట్టేస్తే దూరుతుందమ్మా."

"ఇల్లు కొట్టేస్తే ఇంకా సులువు."

అంతా ఒకేసారి మాట్లాడుతున్నారు. పదకొండు నోళ్ళు, ఇరవై రెండు చేతులు. దర్జీకి తల తిరిగిపోయింది. ఎంతైనా వాడేది ఆవిడ కదా, ఆవిణ్ణే అడుగుదామని కుర్చీ వైపు తిరిగాడు.

కుర్చీ ఖాళీగా ఉంది. చంకకర్ర దానికే ఆనించి ఉంది.

దర్జీకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎక్కడ పడిపోయిందోనని నేలంతా వెతికాడు. రంపపు పొట్టు తప్ప ఏమీ లేదు. అప్పుడు తలెత్తి అవతలి వైపు చూశాడు.

కుర్చీకి పది అడుగుల దూరంలో, కొత్తగా సున్నం వేసిన గోడ ముందు ఉందావిడ. జిగురు కాచే కుంపట్లోంచి చల్లారిన బొగ్గుముక్క తీసుకున్నట్టుంది. కుడి చేత్తో సర్రున గీస్తోంది, ఎడమ బొటనవేలితో నీడలు రుద్దుతోంది. రెండు చేతులకీ పనే. దేన్నీ పట్టుకోలేదు, దేనికీ ఆనుకోలేదు. పై గీత అందక మునివేళ్ళ మీద లేచింది కూడా, ఆ అతికిన కాలి మీదే.

దర్జీ నోరు తెరిచాడు. అక్క అరచెయ్యి వచ్చి టపీమని మూసింది.

"పిలవకురా," అంది చెవిలో. "పిలిస్తే దానికి కాలు గుర్తొస్తుంది."

బల్ల మీద అందరూ చూశారు. గోడ మీద ఓ పెద్ద బల్ల, దాని మీద గంపెడు జనం. కెటిల్ ఎత్తి పట్టుకున్న టీ అబ్బి, ఒకరి కాలొకరు తొక్కుకుంటున్న ఆలుమగలు, మోకాళ్ళు వంగిపోయిన దర్జీ.

"ఎవరూ దిగకండి," అందావిడ, వెనక్కి తిరక్కుండానే. "వదిన మూతి ఒక్కటే మిగిలింది. వదినా, ఒక్క నిమిషం అది మూస్తే గీసేస్తా."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వదిన నోరు మూసింది. కళ్ళు మాత్రం చెంగుతో ఒత్తుకుంది.

గోడ మీద బొగ్గు గీరుతున్న చప్పుడొకటే. తొమ్మిదో బల్ల తెమ్మని ఎవరూ అనలేదు. మేస్త్రికి బేరం పోయిందని తెలిసిపోయింది, అయినా నవ్వుతూనే ఉన్నాడు.

అప్పుడు స్టూలు కొనడానికొచ్చిన బట్టతలాయన మెల్లిగా మేస్త్రి భుజం గోకాడు.

"బల్లల కన్నా ఆ గోడే గట్టిగా ఉన్నట్టుంది. అదొక్కటీ విడిగా ఇస్తావా, కొట్టంతా కొనాలా?"