ఒక్క దినం హైదరాబాదోళ్ళు

ఆ ఆదివారం పొద్దున్నే దేవదాసుకు ఒక తిక్క పుట్టింది.

"సరోజనా, ఇయ్యాల మనం కరీంనగరోళ్ళం కాదు. హైదరాబాద్ నుంచి ఊరు సూడ వచ్చినం."

"అంటే?"

"అంటే ఎవ్వలు పలకరించినా 'మాది గీ ఊరు కాదు' అనుడే. నవ్వితే ఓడినట్టు."

సరోజన అప్పుడే పకపకా నవ్వేసింది.

పెళ్ళయి ఆర్నెల్లు. పెద్దపల్లి నుంచి కాపురానికి వచ్చాక ఆమె చూసిన కరీంనగరమల్లా కూరగాయల అంగడి, సందు చివర నల్లా. ఇక్కడే పుట్టి పెరిగిన దేవదాసు మాత్రం ఏం చూశాడు గనుక? ఇల్లు, తాలూకా కచేరి, మళ్ళీ ఇల్లు. గుమాస్తా బతుకు అంతే కదా.

"ఉన్న ఊరిని సూసుడేందిరా, గిదేం పిచ్చి!" అంటూ తల్లి భూమవ్వ గడపలో నిలబడి మురిసిపోయింది.

చలికాలపు ఎండ హాయిగా కాస్తోంది. ఇద్దరూ బజారులోని పెద్ద ద్వారం, కమాను కింద నిలబడి తలలెత్తి చూశారు. రోజూ దాని కిందనుంచే కచేరికి పోయే మహానుభావుడు, "అబ్బో, ఎంత ఎత్తున్నది!" అని నోరు తెరిచాడు. వెండి తీగతో అత్తరుదాని అల్లే దుకాణంలో దూరి, "మా హైదరాబాద్‌ల గింత ధర లేదు" అని ఉత్తుత్తి బేరం ఆడి బయటపడ్డారు.

జిలేబీలు కట్టిస్తూ అంగడాయన, "మిమ్ముల ఎక్కడ్నో సూసిన సారూ" అన్నాడు.

"చార్మినార్ కాడ సూసి ఉంటవ్."

సరోజన కొంగు నోట్లో కుక్కుకుంది.

అంగడి దిగుతుండగా ఒక ముసలామె ఎదురొచ్చి ఆగింది. నుదుట పచ్చబొట్టు, చంకలో చిన్న మూట. దేవదాసు ముఖంలోకి ముఖం పెట్టి చూసింది.

"నువ్వు పెంటయ్యవు గదా, కొడుకా?"

దేవదాసు చప్పున సరోజన వైపు చూశాడు.

అది అతని పేరే. బడిలో పిల్లలు ముక్కులు మూసుకుని ఏడిపిస్తుంటే, అన్నం మానేసి అలిగి మరీ దేవదాసుగా మారాడు. కోడలి ముందు ఆ పేరు ఎత్తనని పెళ్ళికి ముందు తల్లి చేత ఒట్టు కూడా వేయించుకున్నాడు. ఇప్పుడు నడిబజారులో, పక్కన సరోజన ఉండగా!

అడ్డం పెట్టుకోవడానికి పొద్దుటి ఆట దొరికింది.

"కాదమ్మా. మాది హైదరాబాద్."

"వాళ్ళ బాపు లెక్కనే ఉన్నవ్. గదే ముక్కు. పొద్దుగాల్నించి దేవులాడుతున్న బిడ్డా. పాత వాడల లేరట, ఇల్లు మారిండ్రట. వాళ్ళ అవ్వ పేరు..."

"చెప్తున్న గదా! గీ ఊర్ల మాకు ఎవ్వలు ఎరుకలేరు."

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది గొంతు. ముసలామె ఒకడుగు వెనక్కి వేసింది.

"కోపం చెయ్యకు కొడుకా. కండ్లు సక్కగ ఆనుతలేవు. పొద్దుగూకే ఆదిలాబాద్ బస్సుకు పోతున్న. బోథ్‌ల మా తమ్ముని బిడ్డ ఉన్నది. ఇగ మల్ల గీ ఊరికి వచ్చుడు లేదు. పోయే ముందు గా పిలగాన్ని ఒక్కపారి సూసుకుందామని..."

"నీకేమైతడు ఆయన?" సరోజన అడిగింది.

ముసలామె చెప్పబోయింది. దేవదాసు భార్య చెయ్యి పట్టి లాగాడు.

"నడువు, మానేరు సూడొద్దా?"

"సల్లగుండుండ్రి బిడ్డా" అని వెనకనుంచి వినిపించింది. తిరిగి చూస్తే, ఆమె అప్పటికే ఇంకెవరినో ఆపి ముఖంలోకి చూస్తోంది.

మానేరు ఒడ్డున సరోజన ఇసుకలో పిచ్చుక గూళ్ళు కట్టింది. దేవదాసు జిలేబీలన్నీ ఆమె వైపే జరిపాడు. అవునంటే ఏం మునిగిపోయేది? సరోజన నవ్వేది, అంతే కదా! ఛీ, ఏం మనిషిని అనుకున్నాడు. కాసేపటికి మళ్ళీ, ఎవరో పాత వాడ మనిషి, ఏదో పని పడి వచ్చి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరారు. సరోజన నవ్వు ఆపుకోలేక అత్తకు అంతా చెప్పింది.

"ఒక ముసలామె మీ కొడుకును పట్టుకొని ఎవరో పెంటయ్య అన్నది అత్తమ్మా! ఈయన జర తడబడలే. మాది హైదరాబాద్ అన్నడు!"

భూమవ్వ ముఖం పాలిపోయింది.

"నుదుట పచ్చబొట్టు ఉన్నదా?"

"ఉన్నది. బోథ్ పోతదట."

"యాదవ్వ!" భూమవ్వ కొడుకు వైపు తిరిగింది. ఒట్టూ లేదు, గిట్టూ లేదు. "పెంటయ్యా, ఉరుకు! బస్సు పోకముందే తోల్కరా పో!"

చెప్పులైనా వేసుకోకుండా ఉరికాడు.

"బస్సు గిప్పుడే పాయె" అన్నాడు బస్టాండులో బీడీలమ్మే ఆయన. "ఒక ముసలామె వచ్చేటోళ్ళ ముఖాలు సూసుకుంట సూసుకుంట, కండక్టర్ తిడితే ఆఖరుకు ఎక్కింది."

దేవదాసు తల వంచుకుని తిరిగొచ్చాడు. సిగ్గుతో సరోజన ముఖంలోకి చూడలేకపోయాడు.

"ఎవరే అవ్వా, గామె?"

భూమవ్వ కళ్ళు తుడుచుకుంది.

"నీకన్న ముందు ముగ్గురు పుట్టి పోయిండ్రు. నువ్వన్న దక్కాలని నిన్ను తీసుకపోయి పెంటకుప్ప మీద పండవెట్టినం. ఎవ్వలు ఎత్తుకుంటే వాళ్ళే తల్లి. గది ఆనవాయితి. వాడ ఊడ్చే యాదవ్వ ఎత్తుకున్నది. గా పేరు ఆమె పెట్టిందే."

"గట్ల శానమంది చేస్తరు గదనే. చారెడు తవుడు పోసి మల్ల కొనుక్కుంటరు."

"గట్ల కొనుక్కుంటేనేరా మన బిడ్డ అయ్యేది. నేను కూడ చాటల తవుడు పట్టుకొని పోయిన."

"మరి?"

"ఆమెకు పిల్లలు లేరు కొడుకా. నిన్ను ఎదకు అదుముకొని శానసేపు ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, 'కొడుకును అమ్ముకుంటరా అమ్మా, నువ్వే సాదు' అని, తవుడు ముట్టకుంటనే నిన్ను నా ఒళ్ళె పెట్టి పోయింది."