ఎలుగుబంటి చెయ్యి

“సార్ మధ్యలో, మేడమ్ ఇటు, పాప ముందు. ఎలుగుబంటీ, నువ్వు వెనకాల!” కేకేశాడు పార్కు ఫొటోగ్రాఫరు.

ఎలుగుబంటి వేషంలో ఉన్నవాడికి ఆ సారుని చూడగానే ఒళ్లు మండింది. పదిమందిలో నానామాటలూ అని తనను ఉద్యోగంలోంచి గెంటేసింది ఆయనే. సరిగ్గా క్లిక్కుమనే క్షణానికి బొచ్చుచెయ్యి ఆయన మొహానికి అడ్డం పెట్టాడు. మళ్లీ తీస్తే మళ్లీ పెట్టాడు.

తెరమీద ఫొటోలు చూసి సారు చిందులు తొక్కాడు.

“ఈ రెండోది పెద్దసైజులో ఇవ్వండి. హాల్లో పెట్టుకుంటాం,” అంది భార్య నింపాదిగా.

“నా మొహమేదే అందులో?”

“అందుకేనండీ. మనింటి ఫొటోల్లో పాప నవ్వింది ఈ ఒక్కదాంట్లోనే.”

పగ తీర్చుకుంటున్నది తానొక్కడే అనుకున్నాడు వాడు, అప్పటిదాకా.

వెళ్తూ వెళ్తూ ఆమె ఆ బొచ్చుచేతిని గట్టిగా నొక్కింది.