రాతి మచ్చ

"ఎనిమిది అయ్యాయి. ఇంకొక్కటే," అన్నాడు హాన్సెరాక్, మోకాళ్ళు పట్టుకుని లేస్తూ.

ఆర్నాక్ తల తిప్పి చూసింది.

ఆ ఒక్కటీ ఏదో ఆమెకు తెలుసు. కొండవాలు చివర, రాళ్ళు కుప్పగా పేర్చిన సమాధి. ఎప్పుడో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట చనిపోయిన వేటగాడిదంటారు. ఆ వేటగాడి ఎముకలు అందులో ఉన్నమాట నిజమే. కానీ వాటి పైన, పదకొండు రోజులుగా పావియా కూడా ఉన్నాడు.

పావియా ఆమె తమ్ముడు. పడవ బోల్తాపడి సముద్రంలో పోయాడని ఊరంతా అనుకుంటోంది. చర్చిలో పాటలు కూడా పాడేశారు.

ఆ రాళ్ళు తీసి మళ్ళీ పేర్చిన చేతులు ఆర్నాక్‌వే. గోళ్ళ కింద నెత్తురు గడ్డకట్టి ఇంకా నల్లగానే ఉంది. చేతి తొడుగులు తియ్యొద్దని భర్త ఏనోక్ పొద్దున్నే చెప్పాడు.

కొండ పక్కనుంచి రోడ్డు వేస్తారట. అందుకని పాత సమాధుల వయసు తేల్చడానికి వచ్చాడు హాన్సెరాక్, ముప్పై ఏళ్ళుగా గ్రీన్‌లాండ్ తీరమంతా తిరిగి రాళ్ళు కొలుస్తున్న మ్యూజియం ముసలాయన. ఆయన రాసుకుని వెళ్ళాక చుట్టూ కంచె కడతారు. ఆ తర్వాత వాటి మీద ఎవరూ చెయ్యి వెయ్యరు.

దారి చూపిస్తానని ఆర్నాకే ముందుకొచ్చింది. తెల్ల ఎలుగులు తిరుగుతున్నాయంటూ ఏనోక్ తుపాకి తగిలించుకుని వెంట వచ్చాడు.

ముసలాయన తొమ్మిదో సమాధికి ఎగువన చతికిలబడ్డాడు. రాళ్ళ మీద పసుపుపచ్చ మచ్చలు. చుట్టూ నల్లటి అంచు. రాయికి తామర పట్టినట్టు ఉన్నాయి. వాటిలో పెద్దది వెతికి స్కేలు ఆనించాడు.

"లైకెన్ తల్లీ ఇది, రాయి మీద పెరిగే నాచులాంటిది. వందేళ్ళకి నా బొటనవేలంత పాకుతుంది. మా ఆఫీసులో ఫైలు కన్నా కొంచెం వేగమే."

ఏనోక్ పగలబడి నవ్వాడు. "పట్నంలో పుట్టినవాణ్ణి మాస్టారూ, నాకు రాళ్ళన్నీ ఒకటే."

ఆర్నాక్ నవ్వలేదు. ఆమె కళ్ళు దిగువ వైపు రాళ్ళ మీద ఉన్నాయి. ముసలాయన ఇంకా అటు వెళ్ళలేదు.

"మూడు వందల ఎనభై ఏళ్ళు. అటూ ఇటూగా." పుస్తకంలో రాసుకున్నాడు. మూసేశాడు.

"అయిపోయినట్టేనా?" ఏనోక్ అడిగాడు.

"అయిపోయింది నాయనా. కాఫీ పొయ్యి తల్లీ, తాగేసి పడవెక్కుతా."

ఫ్లాస్కు మూత తిప్పుతుంటే ఆర్నాక్ చేతిలోంచి అది జారింది. రాళ్ళ మీద టకటకమంటూ దొర్లి, సమాధికి దిగువన ఎక్కడో పడింది.

"చూసుకోవే!" ఏనోక్ గద్దించాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "మీరు కూర్చోండి మాస్టారూ, నేను తెస్తా."

"కూర్చుంటే మళ్ళీ లేవలేను." ముసలాయన అప్పటికే అటు తిరిగాడు.



ఆయన వంగాడు. మూత తీశాడు. కోటుకి తుడిచాడు. వెనక్కి తిరిగాడు. రెండడుగులు వేశాడు.

ఆగాడు.

"ఇదేంటి, ఈ రాయి బోడిగా ఉందే?"

ఆర్నాక్ కళ్ళు మూసుకుంది. ఏనోక్ చెయ్యి ఆమె భుజాన్ని పట్టుకుంది.

"నేనున్నాగా," చెవిలో అన్నాడు. "నోరు మెదపకు."

ముసలాయన రాయి కిందికి వేళ్ళు పోనిచ్చి తడిమాడు. "మచ్చ కింద ఉంది. ఆకాశం వైపు ఉండాల్సిన ముఖం లోపలికి ఉంది. ఇదీ అంతే. అదిగో, అదీ అంతే."

"నక్కలు తిరగేసుంటాయి మాస్టారూ."

"ఈ రాయి ఎత్తే నక్క ఉంటే చెప్పు, నా పడవలో కూలికి పెట్టుకుంటా." ఈసారి ఆయన నవ్వలేదు. ఒడ్డు వైపు తిరిగి గట్టిగా ఈలవేశాడు.

పడవవాళ్ళు నలుగురు పైకొచ్చారు. వాళ్ళ భుజాలకీ తుపాకులున్నాయి. ఇద్దరు వంగి రాళ్ళు తియ్యడం మొదలెట్టారు.

ఒకటి. రెండు. మూడు.

నాలుగో రాయి కింద నీలం ఉన్ని చొక్కా చెయ్యి కనిపించింది.

ఆ చొక్కా గుర్తుపట్టి ఒక పడవవాడు టోపీ తీశాడు. "పావియా," అన్నాడు నెమ్మదిగా.

ముసలాయన ఆర్నాక్ దగ్గరికి వచ్చాడు. "ఈ రాళ్ళు ఎవరు పేర్చారో నీకు తెలుసా తల్లీ?"

ఆమె చేతి తొడుగులు తీసేసింది.

"నేనే," అంది.

భుజం మీది చెయ్యి జారిపోయింది. "విన్నారుగా!" ఏనోక్ అరిచాడు. "తన నోటితోనే చెప్పింది!"

అవును, పావియాని కాల్చిన తుపాకిని ఏనోక్ ఆమె వీపుకి ఆనించి ఆ రాళ్ళు పేర్పిస్తుంటే, ఏనాటికైనా ఎవరో ఒకరి కంట పడకపోతాయా అని వాటిలో ఏడింటిని కావాలనే బోర్లించి పెట్టింది ఆమే.