ఆలస్యంగా వచ్చే మనిషి

ఈల మోగి, సైకిళ్లన్నీ కదిలిపోయిన తరువాత చిన్నరాములు వచ్చాడు.

ఎప్పటిలాగే క్వారీ మలుపు వైపునుంచి, వెళ్లేవారికి ఎదురుగా వచ్చాడు. మోకాళ్ల దాకా దుమ్ము.

"సార్, జెర నా పేరు రాసుకోండ్రి. ఎనకనుంచే తొక్కుత."

సైకిల్ పోటీల సంఘం అధ్యక్షుడు వెంకటరామయ్య గడియారం చూసుకున్నారు. పటాన్‌చెరు దగ్గరి కర్మాగారంలో టైమ్ ఆఫీసరుగా పదవీ విరమణ చేసిన ఆయన దృష్టిలో ఆలస్యం అపరాధంతో సమానం.

"మామూలు ఆదివారాల్లో ఊరుకున్నానయ్యా. ఇది ఛాంపియన్‌షిప్. ఈల తరువాత వచ్చినవారికి ప్రవేశం లేదు."

కార్యదర్శి నవీన్‌కుమార్ నవ్వాడు. "ఏందన్నా, కంపెనీకి గూడ గిట్లనే పోతవా? గేటు కాడనే ఆపుతరు గద."

చిన్నరాములు నవ్వలేదు.

"ఒక్క దినం తోటి ఛాంపియన్ ఎవరో తేల్చుడేంది సార్? ఏడాదంత తొక్కినం. అన్ని ఆదివారాలు కలిపి సూడండ్రి."

"కలిపి చూసినా, ఆలస్యంగా రావడంలో నీవే ప్రథముడివి."

"మందుల కంపెనీల నా కాంట్రాక్టు అయిపోయింది సార్. రేపు ఊరికి పోతున్న. మల్ల ఈ దిక్కు రాను. ఒక్కపారి రాస్తే సాలు."

"నియమం ఎవరికోసమూ మారదు."

చిన్నరాములు సైకిలు పట్టుకొని రోడ్డు పక్కన నిలబడ్డాడు.

జైపాల్ గెలిచాడు. దండలు వేశారు. ఫొటోలు తీసుకున్నారు. అందరూ ఉప్మా తింటూ ఉండగా, వీపున నంబరు లేని చిన్నరాములు ఖాళీ రోడ్డు మీద ఒక్కడే బయలుదేరాడు.

క్వారీ మలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి షామియానా విప్పేస్తున్నారు. సగం చెరిగిపోయిన సున్నపు గీతను దాటి, దిగి, ఒకసారి చుట్టూ చూశాడు. పలకరించిన వారు లేరు.

వెంకటరామయ్య కారులోనుంచి చూశారు. గడియారం మాత్రం చూసుకోలేదు.

మరుసటి సంవత్సరం మొదటి పోటీలోనే ప్రమాదం జరిగింది. క్వారీ మలుపులో కంకర మీద జైపాల్ సైకిలు జారింది. వెనుక వస్తున్నవారు అతని మీద పడ్డారు. జైపాల్ భుజం ఎముక విరిగింది.

గాయపడినవారిని ఆసుపత్రికి పంపి, వెంకటరామయ్య ఆ మలుపులోనే నిలబడిపోయారు. అక్కడ చాయ్ బండి నడిపే మొగులమ్మ చీపురుతో బండి ముందర ఊడుస్తున్నది.

"నిరుడంతా ఇక్కడ ఒక్కరూ పడలేదే. ఈ కంకర ఎప్పుడు వచ్చిందమ్మా?"

"కంకర ఎప్పుడు లేదు సార్? రోజూ టిప్పర్ల మీదకెల్లి పడ్తనే ఉంటది. మీ మనిషి వస్తలేడు, గందుకే గిట్లయింది."

"మా మనిషి ఎవరు?"

"పేరు తెల్వది. ఆదివారం పొద్దుగాల సైకిలు మీద వచ్చి, ఈ మలుపుల కంకరంత ఊకి పక్కకేసేటోడు. పొరక నాదే. మీరు పెట్టుకున్న మనిషే అనుకున్న."

వెంకటరామయ్య ఆమె చేతిలోని చీపురును చూస్తూ ఉండిపోయారు.

"చాయ్ తాగి పొమ్మంటే ఆగేటోడు గాదు సార్. 'లేటయితే సార్ రానియ్యడక్కా' అనుకుంట, కాళ్ల దుమ్ము గూడ దులుపుకోకుండ ఉరికేటోడు."